మొదటి గడిలో ఏటి రాయాలి

మా అమ్మాయి కాలేజీ సీటు దగ్గర తప్పు చేసింది నేనే. మా ఆయన మొండితనం వల్లే పిల్ల అంత యాతన పడిందని మా రైల్వే కాలనీలో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. ఆయన మొండివారే, కాదనను, కానీ ఆ తప్పులో ఆయనకి వాటా లేదు. ఇరవయ్యేళ్లుగా రైల్వే ఫారాలు నింపి నింపి, నా అంత తెలివైనది బిలాస్‌పూర్‌లో లేదని నేను నమ్మీయడం వల్ల వచ్చిన తప్పది.

ఫారాల సంగతి ముందు చెప్పాలి, లేకపోతే నేనెందుకలా చేసానో మీకు బోధపడదు. మా మామగారి కాలంలోనే మావాళ్లు శ్రీకాకుళం వైపునుంచి ఇక్కడికి వచ్చీసారు. ఆయన లోకో షెడ్డులో పని చేసారు, మా ఆయన గూడ్సు బండి నడుపుతారు. రైల్వేవాళ్ల బతుకంతా ఫారాలే. క్వార్టర్‌కి ఫారం, పాస్‌కి ఫారం, బదిలీకి ఫారం. వాటిలో చాలావాటికి కిందన మూడు గడులుంటాయి, మొదటి ఆప్షను, రెండో ఆప్షను, మూడో ఆప్షను అని. నేను కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు మాకు ఒంటిగది క్వార్టర్ ఉండీది. వానొస్తే మంచం మీద గిన్నెలు పెట్టుకునీవాళ్లం. పెద్దదానికి దరఖాస్తు రాస్తంటే పక్కింటి గార్డుగారి భార్య వచ్చి నా చేతిలో కలం లాక్కుంది. ఆవిణ్ణి పిన్నీ అనీదాన్ని. కావల్సింది మొదటి గడిలో రాస్తారేటే పిచ్చిమొహమా అంది. ఆఫీసువాడు ఏదో ఒకటి కొట్టీకపోతే వాడికి పని చేసినట్టుండదట. అందుకని మనకెలాగూ రానిదేదో మొదట రాయాలట. దాన్ని కొట్టీసి, రెండోదాన్ని దయతలచి ఇచ్చీస్తాడట.

అలాగే రాసాను. మొదటి గడిలో ఆఫీసర్ల వరసలో ఉన్న క్వార్టరు, రెండో గడిలో పెరడున్నది. పెరడున్నదే వచ్చింది! ఆ తర్వాత మా ఆయనకి బదిలీ మాట వచ్చినప్పుడూ అదే పని చేసాను, బిలాస్‌పూర్‌లోనే ఉండిపోయాం. సెలవు కావాలంటే రెట్టింపు రోజులు అడగమనీదాన్ని, సగం ఇచ్చీవారు, మాక్కావల్సింది సగమే. ఇంక నాకు తిరుగు లేదనిపించింది. కాలనీ ఆడవాళ్లు ఫారం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చీవారు. నేనూ కళ్లద్దాలు సర్దుకుని, ఏదో పెద్ద ఆఫీసరు ఫోజు పెట్టి గడులు నింపీదాన్ని.

ఆ పెరట్లోనే మా అమ్మాయి పెరిగింది. ఒక్కతే పిల్ల. పెరడంటే గొప్పదేం కాదు, ఒక జామ, ఒక మునగ, పాతకాలంలో పట్టాల కింద వేసిన సాల్ చెక్క దుంగలతో కట్టిన కంచె. దానికి చెట్ల పిచ్చి ఎలా పట్టిందో నాకు తెలీదు, మా రెండువైపులా అలాటివాళ్లు లేరు. స్కూలు నుంచి జేబులనిండా గింజలు తెచ్చీది. కానుగ గింజలు, తునికి గింజలు, నాకు పేరు తెలీనివి కొన్ని. జేబులు చూసుకోకుండా యూనిఫారం వాషింగ్ మిషన్‌లో వేసి రెండుసార్లు మిషన్ పాడుచేసాను. రెండోసారి మెకానిక్కు గొట్టంలోంచి మొలకెత్తిన గింజని తీసి చూపించి పగలబడి నవ్వాడు. నాకొళ్లు మండి పిల్ల వీపు విమానం మోత మోగించాను. అది ఏడుస్తూనే ఆ మొలకని పట్టుకెళ్లి నూనె డబ్బాలో పాతింది.

సరే, పిల్లల ముచ్చట, పెద్దయితే పోతాదిలే అనుకున్నాను. అది పన్నెండో తరగతిలో ఉండగా సైకిలు షెడ్డు పక్కనున్న తురాయి చెట్టు మొదట్లో గోధుమరంగు పుట్టగొడుగులు లేచాయి. చెట్టు లోపల కుళ్లిపోయింది, దాని కింద ఎవరూ బళ్లు పెట్టకండి అని మా అమ్మాయి కనబడినవాళ్లందరికీ చెప్పింది. పైకి చూస్తే కొమ్మలనిండా ఎర్రటి పువ్వులు. ఎవరు వింటారు? మా ఆయనైతే, నువ్వు చెట్లకి డాక్టరువేటి అని నవ్వి, పనిగట్టుకుని అక్కడే స్కూటరు పెట్టారు. మొదటి గాలివానకి చెట్టు వేళ్లతో సహా స్కూటరు మీద పడింది. తిట్టడానికి ఎవరూ దొరక్క ఆయన పిల్లనే తిట్టారు, నీ నోటి వాక్కు తగిలే పడిందని. నేను వెళ్లి విరిగిన మాను చూసాను. మోచెయ్యిదాకా లోపల పట్టేంత ఖాళీ ఉంది. ఈ పిల్లది ముచ్చట కాదు, దీనికి నిజంగా తెలుసు అని నాకు ఆవేళ అర్థమైంది.

మా ఊరి శివార్లో, కోనిలో ఉన్న యూనివర్సిటీలో ఫారెస్ట్రీ డిగ్రీ ఉందని అదే కనుక్కుంది. అడవుల చదువు. నాలుగేళ్లు. దాని పాఠాలేవో ఫోన్లో చూసి, అమ్మా, మట్టికే ఒక సబ్జెక్టు ఉంది అని గెంతులేసింది. మట్టి గురించి అంత సంబరపడిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

మా ఆయనకి మాత్రం ఫార్మసీ కావాలి. రైల్వే ఆస్పత్రిలో మందుల కిటికీ వెనక, తెల్లకోటు వేసుకుని కూర్చునీ ఉద్యోగం ఆయన కళ్లల్లో ఎప్పటినుంచో ఉంది. ఆయన మాటా తీసిపారెయ్యడానికి లేదు. పాతికేళ్లుగా ఆయన ఏ పూట తిండి ఆ పూట తిన్నది లేదు. ఇంజను వేడికీ, ఆ కూతలకీ, ఆ వేళాపాళా లేని నిద్రకీ మనిషి ఎండిపోయారు. కూతురికైనా ఒక కుర్చీ, ఒక ఫ్యాను, పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చీ డ్యూటీ ఉండాలని ఆయన ఆశ. ఇష్టం సంగతెత్తితే ఆయనకి చిర్రెత్తుకొచ్చీది. ఇష్టాన్ని పెరట్లో పెంచుకోమను, డిగ్రీ అన్నది కూడు పెట్టాలి అనీవారు. నేను ఆయన ముందు ఆయనకి తలూపి, పిల్ల ముందు పిల్లకి తలూపీదాన్ని. మనసులో పిల్లవైపే ఉన్నాను, పైకి అనీ ధైర్యం లేదు.

ప్రవేశ పరీక్ష అయింది, మార్కులొచ్చాయి. యూనివర్సిటీ ఫారంలో ఏ కోర్సు కావాలో వరసగా రాయమన్నారు. ఫోన్లో ఆ గడులు చూడగానే నా చెయ్యి దురద పెట్టింది. ముందటేడు ఫార్మసీ సీట్లు ఎన్ని మార్కుల దగ్గర ఆగిపోయాయో కనుక్కుంటే మా పిల్లకి అన్ని లేవు. అచ్ఛా, ఇంకేం! మొదటి గడిలో ఫార్మసీ రాస్తే ఆయన మాట నిలబెట్టినట్టుంటాది. అదెలాగూ రాదు. రెండో గడిలో ఫారెస్ట్రీ రాస్తే దానంతటదే వచ్చీస్తాది. ఇంట్లో రగడ లేకుండా పని అయిపోతాది. నా ఉపాయానికి నేనే మురిసిపోయాను.

పిల్ల ఒప్పుకోలేదు. కంప్యూటర్ మొదటి గడే ముందు చూస్తాదని, అందులో వస్తే రెండోదాని మొహం కూడా చూడదని నెత్తీనోరూ కొట్టుకుంది. దానికి నీ గార్డుపిన్ని తెలీదమ్మా అంది. నేను వింటానా? మీ నాన్న క్వార్టర్ ఎవరి వల్ల వచ్చింది, మీ నాన్న బదిలీ ఎవరి వల్ల ఆగింది, నాకు చెప్పొచ్చావా అని గదమాయించాను. అది నా మొహంలోకి చూసి, నేను చెప్పినట్టే నొక్కీసింది.

ఫార్మసీ వచ్చీసింది.

ఆ యేడు పైవాళ్లు చాలామంది వేరే ఊళ్లకి పోయారట, మార్కులు కిందకి దిగి దిగి సరిగ్గా మా పిల్ల దగ్గరికొచ్చి ఆగాయి. కంప్యూటర్ మొదటి గడి చూసింది, ఇచ్చీసింది, అక్కడితో దాని పని అయిపోయింది. మా ఆయన పట్టలేని ఆనందంతో మిఠాయి డబ్బాలు కొని, డ్యూటీ ఎక్కేముందు బండి నడిపీవాళ్లంతా సంతకాలు పెట్టీ లాబీకి తీసుకెళ్లి అందరి నోరూ తీపి చేసారు. ఇంటికొచ్చి పిల్ల తలమీద చెయ్యి వేసి, నా కష్టం తీరిపోయింది అమ్మడూ అన్నారు. అది నవ్వింది. ఆయన కాళ్లకి దండం పెట్టింది. నేను వంటింట్లోకెళ్లి గిన్నెలు ఊరికే అటూ ఇటూ సర్దుకున్నాను.

పిల్ల అరవలేదు, అలగలేదు, నీ వల్లే అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు బాగుండీది. మూడోనాడు పెరట్లోకి వెళ్తే దాని గింజల సీసాలన్నీ కడిగి ఎండలో బోర్లించి ఉన్నాయి. పదేళ్ల గింజలు. ఏవే అంటే కంచె అవతల పారబోసానంది. సీసాలు నీకు పచ్చళ్లకి పనికొస్తాయి కదమ్మా అంది, చాలా మామూలుగా. అక్కడే అరుగుమీద కూలబడ్డాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. పిల్ల బతుకుని క్వార్టరు దరఖాస్తు అనుకున్నానా నేను?

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి కోని వెళ్లాను. అక్కడ కౌంటర్లో ఒక మేడమ్ ఉన్నారు, మంచి మనిషి, నా హిందీ తడబడుతున్నా ఓపిగ్గా విన్నారు. మొదటి గడిది వచ్చాక రెండో గడిదానికి దిగడం కుదరదన్నారు. ఒకే ఒక దారి ఉంది. ఫార్మసీ సీటు వదులుకుంటున్నామని రాసిచ్చి, శుక్రవారం మధ్యాహ్నం మిగిలిన సీట్లకి పిలిచినప్పుడు వచ్చి కూర్చోవాలి. మార్కుల వరసలో పిలుస్తారు, మన వంతు వచ్చీసరికి ఫారెస్ట్రీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వదిలిన సీటు మాత్రం తిరిగి రాదు. ఫారెస్ట్రీలో ఎన్ని మిగిలాయని అడిగాను. రెండన్నారు.

ఫార్మసీ ఫీజు కట్టడానికి ఆఖరి రోజూ ఆ శుక్రవారమే. గురువారం సాయంత్రం మా ఆయన డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో రెండుసార్లు చెప్పారు, రేపు ఫీజు మర్చిపోకండి అని. ఆయన శనివారం గానీ రారు, బండి మీద ఉన్నంతసేపూ ఫోను ఆపీసి ఉంటాది. అడుగుదామన్నా అడగడానికి మనిషి లేరు. నిజం చెప్పాలంటే, ఉన్నా అడిగీదాన్ని కాదు.

శుక్రవారం పొద్దున్న పిల్లకి కాఫీ ఇచ్చి అంతా చెప్పీసాను. మేడమ్ చెప్పింది, రెండు సీట్ల సంగతి, అన్నీ. ఇది వదిలీసి అదీ రాకపోతే ఏడాది పోతాది, మీ నాన్న మనిద్దర్నీ బతకనివ్వరు, బాగా ఆలోచించుకో అన్నాను. అది ఆలోచించలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి నాకేసి తిరిగింది.

"అమ్మా, ఆవేళ నువ్వు చెప్పింది నేను రాసాను. ఇవాళ నేను చెప్పింది నువ్వు రాయి."

చీర మార్చుకున్నాను, సర్టిఫికెట్ల సంచీ తీసుకున్నాను, ఇద్దరం బయల్దేరాం.

సీటు వదులుకుంటున్న కాగితం మీద గార్డియన్ సంతకం అడిగారు. ఇరవయ్యేళ్లలో ఎన్నో ఫారాలు నింపాను, ఒక్కదానిమీదా నా సంతకం లేదు. నింపింది నేను, సంతకం ఆయనది. నేను సంతకం తెలుగులోనే పెడతాను, వేరేది రాదు. కౌంటర్లో మేడమ్ ఆ అక్షరాలు అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన హిందీలో "మా" అని రాసుకోమన్నారు. మా అంటే వాళ్ల భాషలో అమ్మ. రాసాను. అక్షరం వంకర పోలేదు.

మధ్యాహ్నం ఒక పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. గోడకి తెల్లబోర్డు, దానిమీద ఏ కోర్సులో ఎన్ని ఖాళీలో రాసి ఉంది. ఫారెస్ట్రీ ఎదురుగా రెండు. హాలు నిండా పిల్లలూ, వాళ్ల వెనకాల మొహాలు వేలాడేసుకున్న మాలాటి తల్లిదండ్రులూ. మా పిల్ల మార్కుల ప్రకారం దాని వంతు చాలా వెనకుంది. మొదట పిలిచిన వాళ్లలో నాలుగో అబ్బాయో ఐదో అబ్బాయో ఫారెస్ట్రీ అన్నాడు. రెండు చెరిపి ఒకటి రాసారు. పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

మా పక్క కుర్చీలో ఒకాయన తన కూతురితో కూర్చున్నారు. బోద్రీలో ఉన్న హైకోర్టులో ఒక వకీలు దగ్గర గుమస్తా అట. తోచక మాటలు కలిపాను. వాళ్ల అమ్మాయికి ఫార్మసీ అంటే ప్రాణమట, చిన్నప్పటినుంచీ అదే మాటట, సరిగ్గా దాని ముందు మనిషి దగ్గర సీట్లు ఆగిపోయాయట. ఆ ముందు మనిషి నా పక్కనే కూర్చుందని ఆయనకి తెలీదు. ఇప్పుడేం చేస్తారని అడిగాను. ఏం చేస్తాం బెహన్‌జీ, ఏడాది పోగొట్టుకోలేం కదా, బోర్డు మీద ఫారెస్ట్రీ ఒకటి కనిపిస్తోంది, అదే తీసీసుకుంటాం అన్నారు. ఆ అమ్మాయి కళ్లు అప్పటికే వాచి ఉన్నాయి.

వాళ్ల అమ్మాయి పేరడిగి, పొద్దున్న కౌంటర్లో ఇచ్చిన వరస కాగితంలో వెతికాను. ఫార్మసీకి లెక్కపెట్టీ మార్కులు వేరు, ఈ మిగిలిన సీట్ల వరస వేరు. అందులో వాళ్ల అమ్మాయి మాకంటే ముందుంది. ఆ పిల్ల వెళ్లి ఫారెస్ట్రీ అందంటే మా పని అయిపోయినట్టే. అదీ పోతాది, ఇదీ పోయింది. అంటే మా పిల్లకి కావల్సింది వద్దనుకునీ పిల్ల తీసుకుపోతాది, ఆ పిల్లకి కావల్సింది మేం పొద్దున్న వదిలీసాం. బోర్డు మీద ఫార్మసీ పేరే లేదు. మేం ఇచ్చిన కాగితం ఇంకా బోర్డుదాకా రాలేదన్నమాట.

అప్పుడు నేను లేచాను. నా జన్మలో నేను చేసిన ఒక్క మంచి పని ఏదంటే అదే చెబుతాను. అది పుణ్యమో స్వార్థమో నాకిప్పటికీ తెలీదు, రెండూ కలిసే ఉన్నాయి. ఆ గుమస్తాగారి భుజం తట్టి, భాయీసాబ్, ఫార్మసీలో ఇవాళ పొద్దున్నే ఒక సీటు ఖాళీ అయింది, వెళ్లి అడగండి అన్నాను. ఆయన నమ్మలేదు. బోర్డు మీద లేదు కదా, మీకెలా తెలుసన్నారు.

"ఆ సీటు మాదేనండీ. ఇదిగో, ఈ పిల్లే వదులుకుంది."

ఆయన మా అమ్మాయిని ఎగాదిగా చూసారు. ఫార్మసీ సీటు వదులుకునీ పిల్లకి మతి ఉందా లేదా అని చూసినట్టే ఉంది. వాళ్ల అమ్మాయి మాత్రం అప్పటికే లేచి బల్ల దగ్గరికి పరుగెత్తింది. బల్ల దగ్గరున్న సారు కాగితాలు తిరగేసారు, ఎవరికో ఫోన్ చేసారు, మళ్లీ కాగితాలు తిరగేసారు. ఆ కాసేపూ నాకు తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచీసాను, మా ఊరి పైడితల్లిని ముందు. ఆ సారు లేచి బోర్డు దగ్గరికెళ్లి ఫార్మసీ అని రాసి, పక్కన ఒకటి వేసారు.

ఆ పిల్ల వంతు వచ్చింది. ఫార్మసీ అంది. అనడం కాదు, అరిచింది. హాలంతా నవ్వింది. వాళ్ల నాన్న జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఇంకో ఇద్దరు వచ్చి వేరే కోర్సులు తీసుకున్నారు. తర్వాత మా అమ్మాయి పేరు పిలిచారు.

అది బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. నేను వెనక నిలబడ్డాను, ఒక్క మాటా మాట్లాడకూడదని నాలుక కొరుక్కుని. సారు దాని పాత ఫారం చూసి, ఇందులో ఫారెస్ట్రీ రెండో ఆప్షను అని ఉందే, మరి ఫార్మసీ ఎందుకు వదిలావు, ఎవరైనా బలవంతం చేసారా అని అడిగారు. నేను నేలలోకి దిగిపోతానేమో అనుకున్నాను. పిల్ల వెనక్కి నాకేసి కూడా చూడలేదు.

"లేదు సార్, ఇదే నా మొదటిది. రాసినప్పుడు తప్పు రాసాను."

తప్పు తనమీద వేసుకుంది. పద్ధెనిమిదేళ్ల పిల్ల. సారు బోర్డు మీద ఫారెస్ట్రీ పక్కన ఒకటి చెరిపి సున్నా రాసారు. ఆ సున్నా చూసి నేను హాలు మధ్యలో నిలబడి భోరున ఏడ్చీసాను. మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయి, అమ్మా చుప్ కరో, అందరూ చూస్తన్నారు అని నన్ను బయటికి ఈడ్చుకుపోయింది. గేటు బయట సమోసాల బండి దగ్గర ఇద్దరం నవ్వుతూ, ఏడుస్తూ, నోరు కాల్చుకుంటూ తిన్నాం. అంత రుచిగల సమోసా నేను మళ్లీ తినలేదు.

శనివారం మా ఆయన వచ్చారు. స్నానం చేసి అన్నానికి కూర్చున్నాక అంతా చెప్పాను. క్వార్టర్ దగ్గర నేర్చుకున్న విద్య, పిల్ల వద్దన్నా నేను రాయించడం, నా సంతకం, ఏదీ దాచలేదు. ఆయన ముద్ద కలిపినది కలిపినట్టే వదిలీసారు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది, లాబీలో అందరికీ మిఠాయి పెట్టాను, ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అని కేకలేసారు. నాకూ కోపం వచ్చింది. ఎప్పుడూ రానంత. మొహం మీదేనా, పిల్లకి లేదా మొహం అన్నాను. వారం రోజులు దాని మొహం మీరు చూసారా, చూస్తే ఏం కనిపించిందో చెప్పండి అన్నాను. నెలరోజులు ఇంట్లో మాటల్లేవు. కారేజీ సర్దిస్తే తీసుకెళ్లీవారు, అంతే. నేను బతిమాలలేదు. తప్పు చేసినందుకు పిల్లకి క్షమాపణ చెప్పుకున్నాను గానీ, దాన్ని దిద్దుకున్నందుకు ఎవరికీ చెప్పుకోను.

ఎవరైనా నన్నడిగితే, పిల్లలు ఇష్టపడ్డదే చదివించాలా అని, నేను ఠక్కున అవునని చెప్పలేను. మా ఆయన చెప్పిన కూడు మాట అబద్ధం కాదు. ఈవేళ ఒకటీ రేపు ఒకటీ ఇష్టపడే పిల్లలూ ఉంటారు. మా కాలనీలోనే ఒకబ్బాయి గిటారని మూడు నెలలు, ఫొటోలని మూడు నెలలు తిరిగి, ఆఖరికి బుద్ధిగా కామర్స్‌లో చేరి చక్కగా ఉన్నాడు. అందుకే ఆ ఇష్టం పట్టుకుని వాళ్లు ఏం చేస్తన్నారో చూడమంటాను. డొల్లచెట్టుని పువ్వులుండగానే కనిపెట్టిందా లేదా అని చూడమంటాను. అలా కనిపిస్తే మాత్రం ఇంక తెలివితేటలు చూపించకండి. దాన్ని తీసుకెళ్లి రెండో గడిలో దాచకండి.

మా అమ్మాయి ఇప్పుడు మూడో ఏడు. అచానక్‌మార్ అడవుల్లోకి తీసుకెళ్తారు, బురదా, జలగ కాట్లూ, చింపిరి జుట్టూ పెట్టుకుని తిరిగొస్తాది, కాళ్లు కడుక్కోకుండానే కబుర్లు మొదలెడతాది. క్లాసులో రెండేళ్లూ మొదటి వరసలోనే ఉంది. ఒక ప్రొఫెసరు గారు మాతో స్వయంగా అన్నారు, ఈ పిల్లకి మేం చెప్పేది కొంత, అది మాకు చెప్పేది కొంత అని. ఆ మాట నేను కాలనీ మొత్తానికి వినిపించాను. దాచుకోడానికి నేనేమైనా మునినా?

పోయిన చలికాలం ముగ్గురం పెండ్రా రోడ్ వైపు పెళ్లికి వెళ్లాం, పాసింజరు బండిలో. అది మా ఆయన లైనే. ఇరవయ్యేళ్లుగా బొగ్గు బళ్లు తీసుకుని ఆయన అటే వెళ్తారు, అటే వస్తారు. ఆ లైన్లో ప్రయాణికుడిలా కిటికీ పక్కన కూర్చోవడం ఆయనకి అదే మొదటిసారేమో. ఖోంగ్‌సరా స్టేషను దాటాక ఘాట్ మొదలైంది. బండి మెల్లగా ఎక్కుతోంది, రెండువైపులా అడవి. మా అమ్మాయి ఎదురుగా కూర్చుని తనలో తను ఏవో పేర్లు అనుకుంటోంది. ఈ చదువు గురించి ఆయన అప్పటిదాకా దాన్ని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చాలాసేపు కిటికీలోంచి చూసి, అటే చూస్తూ అడిగారు.

"ఆ నల్ల బెరడుదేటి అమ్మడూ?"

సాజా అని చెప్పింది. నల్లమద్ది అని నేను తెలుగు చేసాను. బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటాదని, వేసవిలో దాని కాండంలో నీళ్లుంటాయని పిల్ల చెప్పింది. ఆయన మెడ చాచి వెనక్కి చూసారు, ఆ చెట్టు దాటిపోయేవరకు. తర్వాత ఇంకోటి అడిగారు. తర్వాత ఇంకోటి. సొరంగంలో చీకటి పడితే ఫోను లైటు వెయ్యమన్నారు, అంతసేపు ఆగలేక. పిల్ల కిటికీకి దగ్గరగా జరిగి వేలుపెట్టి చూపిస్తోంది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూస్తున్నారు.

"ఈ దారంట ఇన్నేళ్లు బండి తోలాను," అన్నారు, ఎవరితోనో తెలీదు. "నాకు సిగ్నళ్లు తప్ప ఏమీ కనబడలేదు."

ఇంకో చెట్టు వస్తోంది నాన్నా, ఎడంపక్క చూడు అంది అమ్మాయి. ఆయన ఎడంపక్కకి తిరిగారు.